తెఱచిన బడి – తీరని భయము

బడి తెఱచిన చోట శాంతి నెలకొన్నదని చాటుట ప్రభుత్వములకు వాడుక. ఈ కొలత యెంత నమ్మరానిదో మణిపుర రాష్ట్రానుభవము తెలుపుచున్నది.

2023 మే 3వ తేదీన అచ్చట మొదలైన సంక్షోభమున 250 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 60,000 మంది వఱకు నిర్వాసితులైరి. రెండు మాసములు బడులు మూతబడియుండెను. జూలై 5వ తేదీన ఎనిమిదవ తరగతి వఱకు తెఱువబడెను. ఆ మఱునాడే పశ్చిమ ఇంఫాల్ జిల్లాలో ఒక పాఠశాల వెలుపల ఒక స్త్రీ తుపాకికి బలియయ్యెను. తలుపులు తెఱచుట ఉత్తరువుతో జరుగును. బిడ్డను పంపుటకు తల్లికి వలయు ధైర్యము ఉత్తరువుతో రాదు.

ఇట్టి దినమున ఉపాధ్యాయుని నిత్యకృత్యమెట్టిదో పాఠకులు యోచింతురు గాక! బడికి పోవు దారి భద్రమో కాదో విచారించుటతో అతని పని ప్రారంభమగును. హాజరుపట్టీ విప్పి పేరు పిలిచినచో బదులు రాని బాలుడు జ్వరపడినవాడో, సహాయ శిబిరమున నున్నవాడో తెలియదు. కొన్ని బడులే శిబిరములై, తరగతి గదులలో కుటుంబములు తలదాచుకొనెను. అంతర్జాలము నిలిపివేయబడియుండుటచే, కరోనా కాలమున వలె దూరమునుండి బోధించు మార్గమును లేకపోయెను. లోయలోని కుకీలు, కొండ జిల్లాలలోని మెయితేయీలు తమ తావులు విడిచిపోయిరి. నిన్నటి వఱకు ప్రక్కన కూర్చున్న నేస్తము ఏల రాలేదని పిల్లవాడడిగినచో, ద్వేషము నేర్పకయు, అసత్యమాడకయు చెప్పవలసిన ప్రత్యుత్తరము ఏ పాఠ్యపుస్తకమునను లేదు. ఆ దినమున అతడు బోధించు ముఖ్య పాఠమదియే.

2023 మే మాసమున మన రెండు తెలుగు ప్రభుత్వములును అచ్చట చదువుచుండిన మన విద్యార్థులను విమానములలో స్వస్థలములకు చేర్చినవి. అది కర్తవ్యమే. కాని ఆ గడ్డయే స్వస్థలమైన ఉపాధ్యాయుడు ఎచ్చటికి పోగలడు? 2024 నవంబరులో హింస మరల ప్రజ్వరిల్లగా, ఇంఫాల్ లోయలోను, జిరిబామునందును బడులు తిరిగి మూతబడినవి. తెఱచుటయు మూయుటయు ఇట్లు మాఱి మాఱి జరుగుచుండగా, దానికి శాంతియని పేరిడుట ఆత్మవంచన.

ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును విద్య హక్కని రాజ్యాంగము 21-ఎ అధికరణము చెప్పుచున్నది. అల్లరులలో ఆ హక్కు రద్దుకాదు. కావున నిర్వాసితులకు శాశ్వత నివాసము లేర్పఱచి, తరగతి గదులను బాలుర కప్పగింపవలెను. స్థానభ్రష్టులైన ఉపాధ్యాయులను, వారు చేరిన తావులనే, జీతనష్టము లేకుండ బోధనకు నియోగింపవలెను. భయముచే రాలేకపోయిన దినమును అపరాధముగ నెంచరాదు. విపత్సహాయమునకు ఉపాధ్యాయుని పిలుచుటకు 2009 నాటి విద్యాహక్కు చట్టము అనుమతించుచున్నది. పిలిచినచో అతని తరగతికి మఱియొకరిని చూపుట పాలకుల విధి.

ఇల్లు కాలుచుండగా దీపము నిలుపువాని ధైర్యము శ్లాఘనీయమే. కాని ఆ ధైర్యమును చూపి, మంట లాఱినవని ప్రకటించుకొను అధికారము ఏ ప్రభుత్వమునకును లేదు.