లారీ డ్రైవరుకు అందని పై మెట్టు

దేశంలో జరిగే సరకు రవాణాలో దాదాపు 70 శాతం రోడ్డు మార్గానే సాగుతోంది. కైకలూరు చేపలు హౌరా మార్కెట్టుకు చేరాలన్నా, గుంటూరు మిర్చి ఉత్తరాది మండీలకు వెళ్లాలన్నా, మదనపల్లె టమాటా కుళ్లకముందే పొరుగు రాష్ట్రాల పట్టణాల్లో దిగాలన్నా లారీ కదలవలసిందే. ఇంతటి భారాన్ని మోస్తున్న డ్రైవరు వృత్తి మాత్రం కొత్తతరాన్ని ఆకర్షించలేకపోతోంది. బండి నడిపే మనిషి దొరకక లారీలు షెడ్లలో నిలిచిపోతున్నాయని యజమానులు వాపోతున్నారు. తమ కుటుంబంలో ఎవరినీ ఈ వృత్తిలోకి రమ్మని చెప్పబోమని 84 శాతం మంది డ్రైవర్లు తెలిపినట్లు 2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ వెలువరించిన అధ్యయనం పేర్కొన్నది. తాను చేస్తున్న పనిని తన బిడ్డ చేయరాదని మనిషి కోరుకుంటున్నాడంటే ఆ పనిలో ఏదో మౌలికమైన లోపం ఉన్నదనే అర్థం.

కష్టం ఎక్కువ, జీతం తక్కువ అన్నది అందరూ చెప్పే కారణం. అది నిజమే కానీ సంపూర్ణ సత్యం కాదు. దూరప్రాంతాలకు లారీ నడపడం ఏనాడూ సులువైన పని కాదు. నాలుగు వరుసల రహదారులు లేని రోజుల్లో, ప్రతి రాష్ట్ర సరిహద్దులోనూ చెక్‌పోస్టు వద్ద గంటల తరబడి పడిగాపులు పడిన రోజుల్లో, వేడెక్కిన ఇంజన్ పక్కన కూర్చుని ఎగుడుదిగుడు రోడ్లపై వారాల తరబడి తిరిగిన రోజుల్లో ఈ కష్టం మరింత ఎక్కువగా ఉండేది. అయినప్పటికీ పల్లెల నుంచి యువకులు లారీలెక్కేవారు. ఎందుకు? ఈ వృత్తిలో పైకి ఎక్కే మెట్లు కనిపించేవి గనుక.

క్లీనరుగా చేరిన కుర్రవాడు టైర్లు మార్చడం, తాళ్లు బిగించడం, టార్పాలిన్ కప్పడం నేర్చుకునేవాడు. ఖాళీ రోడ్డు మీద డ్రైవరు అనుమతితో స్టీరింగు పట్టేవాడు. లైసెన్సు వచ్చాక డ్రైవరయ్యేవాడు. కొన్నేళ్లు నడిపి, నాలుగు రాళ్లు వెనకేసుకుని, ఫైనాన్సు మీద ఒక పాత లారీ కొనుక్కుని తానే యజమాని, తానే డ్రైవరు అయ్యేవాడు. విజయవాడ వంటి లారీల కేంద్రాల్లోనూ, తమిళనాట నామక్కల్‌లోనూ ఈ దారిన ఎదిగిన యజమానులు ఎందరో ఉన్నారు. డ్రైవరుకు దక్కే జీతం, బత్తా కేవలం దారిఖర్చులే. రేపు యజమాని కావచ్చునన్న ఆశే ఈ వృత్తి ఇచ్చిన అసలు కూలి. నేడు ఆ కూలి అందడం లేదు. కూడు పెట్టగలిగిన స్టీరింగు గూడు కట్టలేకపోతోంది. సమస్యకు మూలం ఇక్కడ ఉన్నది.

ముందుగా కింది మెట్టును చూద్దాం. ఖర్చు తగ్గించుకునే క్రమంలో చాలా లారీల్లో క్లీనరు మాయమయ్యాడు. నేషనల్ పర్మిట్ లారీలో కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను కేంద్రం 2018లో తొలగించింది. దాంతో వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణాన్ని సైతం ఒక్క మనిషే నెట్టుకు రావలసి వస్తోంది. దీనివల్ల నిద్ర కరవయిందన్నది కళ్లకు కనిపించే నష్టం. పని నేర్పే బడి మూతపడిందన్నది కనిపించని నష్టం. పక్క సీటులో కూర్చుని నేర్చుకునే కుర్రవాడే లేనప్పుడు రేపటి డ్రైవరు ఎక్కడి నుంచి వస్తాడు? 2019లో రవాణా వాహన డ్రైవర్లకు ఎనిమిదో తరగతి అర్హతను ఎత్తివేసినంత మాత్రాన ఈ లోటు తీరదు. లైసెన్సు సులభమయింది గాని నేర్పేవారు కరవయ్యారు.

పై మెట్టు పరిస్థితి మరింత దయనీయం. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. 2017 జూన్ నుంచి ధర ఏ రోజుకారోజు మారే విధానం వచ్చింది. కిరాయి మాత్రం ఏజెంటు వద్ద బేరంలో తేలేదే. డీజిల్ పెరిగిన మరునాడే కిరాయి పెంచమని అడగగల సత్తా ఒక్క లారీ యజమానికి ఎక్కడిది? 2018లో ఇరుసు బరువు పరిమితులను 20 నుంచి 25 శాతం మేరకు పెంచారు. ఉన్న లారీలే ఎక్కువ సరకు మోయగలిగినప్పుడు లోడు కోసం పోటీ పెరుగుతుంది, బేరంలో చిన్న యజమాని వంగక తప్పదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు గాలికి మేలు చేసేవే అయినా కొత్త లారీ ధరను పెంచాయి. ఇన్సూరెన్సు, టైర్లు, టోలు, ఫైనాన్సు వాయిదా ఏవీ ఆగవు. తిరుగు లోడు కోసం నాలుగు రోజులు ఆగిన లారీకి ఆ నెల వాయిదా గండమే. ఇటువంటి లెక్కల నడుమ, నెల జీతంతో ఇల్లు గడుపుకునే డ్రైవరు లారీ కొనాలని కలగనడం సాహసమే అవుతుంది.

అలాగని మూడు దశాబ్దాలలో ఏమీ బాగుపడలేదనడం అన్యాయం. నాలుగు మహానగరాలను కలుపుతూ 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి వచ్చింది. 2017 జూలైలో జీఎస్టీతో పాటే రాష్ట్రాల సరిహద్దుల్లోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు తొలగిపోయాయి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోలుగేట్ల వద్ద నిరీక్షణ తగ్గింది. అయితే ఇలా మిగిలిన కాలం ఎవరి ఖాతాలో జమ అయిందన్నదే ప్రశ్న. సరకు త్వరగా చేరుతున్నది గనుక వ్యాపారికి లాభం. లారీ మరిన్ని ట్రిప్పులు వేస్తున్నది గనుక పెట్టుబడిదారుకు లాభం. డ్రైవరుకు దక్కింది మరింత బిగుసుకున్న గడువు. ఈ-వే బిల్లు నిబంధనల ప్రకారం 2021 జనవరి నుంచి సాధారణ సరకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్కిస్తున్నారు. వ్యాపారి పెట్టే గడువు అంతకంటే ఎంతో కఠినం. మంచుపెట్టెల్లో కరుగుతున్న చేపల లోడుకు నిద్ర అన్న మాటే తెలియదు గదా!

రోడ్డు మీద ఇంతగా తరిమిన కాలం గోదాము గేటు ముందు మాత్రం నిలిచిపోతుంది. లోడింగుకు ఒక రోజు, అన్‌లోడింగుకు మరో రోజు లారీ వరుసలో నిలబడవలసి రావడం మామూలే. ఆ నిరీక్షణకు వెల కట్టేవారు లేరు. ట్రిప్పు లెక్కన బత్తా తీసుకునే డ్రైవరు గేటు బయట పోగొట్టుకున్న గంటలను తన నిద్రలోంచి కోసి ఇవ్వవలసి వస్తోంది. సగటున రోజుకు సుమారు 12 గంటలు డ్రైవర్లు బండి నడుపుతున్నారని పైన పేర్కొన్న అధ్యయనమే తేల్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. అలసిన కళ్లకు ఆ లెక్కలో వాటా లేదని ఎవరనగలరు?

చట్టం ఈ సంగతిని ఎరగకపోలేదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, దూరప్రయాణాల్లో అనుమతితో గరిష్ఠంగా రోజుకు 10 గంటలు, వారానికి 54 గంటలు మించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం నిర్దేశించింది. అయితే అది అయిదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. ప్రావిడెంట్ ఫండ్ చట్టం 20 మంది ఉన్న చోటనే వర్తిస్తూ వచ్చింది. దేశంలో లారీల్లో అధిక భాగం ఒకటి రెండు బండ్లున్న చిన్న యజమానుల చేతుల్లో ఉన్నవే. అంటే రక్షణ ఎవరికి అత్యవసరమో వారినే చట్టం గడప బయట నిలబెట్టింది.

2024 జనవరి మొదటి రోజులు ఈ అసంతృప్తిని దేశానికి చవిచూపించాయి. ప్రాణాంతక ప్రమాదం చేసి, పోలీసులకు తెలపకుండా పారిపోయినవారికి పదేళ్ల వరకు జైలు విధించవచ్చునన్న భారతీయ న్యాయ సంహిత నిబంధనపై డ్రైవర్లు బండ్లు ఆపివేశారు. హైదరాబాదుతో సహా అనేక నగరాల్లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. కేంద్రం చర్చలకు దిగింది. 2024 జూలైలో సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ నిబంధనను మాత్రం పక్కన పెట్టింది. బాధితుణ్ణి రోడ్డుమీద వదిలి పారిపోవడాన్ని ఎవరూ సమర్థించరు. ఆగితే జనం కొడతారన్న భయం, పారిపోతే పదేళ్ల జైలన్న భయం నడుమ నలిగే మనిషికి శిక్ష ఒక్కటే చూపితే సరిపోదన్నది మాత్రం ఆ సమ్మె చెప్పిన పాఠం.

డ్రైవర్ల కొరతే క్రమంగా జీతాలను పెంచుతుందని, మార్కెట్టు తన దారి తాను చూసుకుంటుందని కొందరి వాదన. నెల జీతం, సెలవులు ఇచ్చే పెద్ద సంస్థలు కొన్ని ఉన్నమాట వాస్తవమే. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేయడం కూడా స్వాగతించదగినదే. అయితే సరకు యజమానికీ డ్రైవరుకూ మధ్య రవాణా సంస్థ, ఏజెంటు, లారీ యజమాని వరుసగా నిలిచి ఉన్న వ్యవస్థలో, పైన పెరిగిన కిరాయి కిందికి దిగేసరికి ఆవిరైపోతోంది. చల్లని క్యాబిన్ ఒంటికి హాయినిస్తుందే గాని, అందులో మరో నాలుగు గంటలు అదనంగా నడపవలసి వస్తే ఆ చలువకు అర్థం లేదు.

కనుక చేయవలసింది స్పష్టం. గేటు ముందు నిరీక్షించిన ప్రతి గంటకు సరకు యజమాని రుసుము చెల్లించాలి, అందులో డ్రైవరు వాటా నేరుగా అతని బ్యాంకు ఖాతాకు చేరాలి. పనిగంటల పరిమితి కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా లారీ తోలే ప్రతి వ్యక్తికీ వర్తించాలి. రాత్రి పొడవునా సాగే ప్రయాణాల్లో రెండో మనిషిని తిరిగి తప్పనిసరి చేయాలి. అతడు శిక్షణార్థి అయితే అతని భృతిలో కొంత ప్రభుత్వం భరించాలి. పదేళ్లు ప్రమాదం లేకుండా నడిపిన డ్రైవరుకు సొంత లారీ కోసం తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం అందాలి. వీటివల్ల కిరాయిలు కొంత పెరగవచ్చు. ఇంతకాలం ఆ తేడాను డ్రైవరు తన నిద్రతోనూ, ఆరోగ్యంతోనూ చెల్లిస్తూ వచ్చాడని వినియోగదారు గ్రహించాలి.

దూరప్రాంతపు లారీ నడపడం ఇంకా గిట్టుబాటు వృత్తేనా అంటే, నేటి పరిస్థితుల్లో పొట్ట నిండుతుందే గాని బతుకు పెరగదన్నదే నిజాయితీ గల సమాధానం. అయితే ఇది విధిరాత కాదు. ఈ మెట్లను విరగ్గొట్టింది విధానాలే గనుక, వాటిని తిరిగి నిలబెట్టవలసిన బాధ్యత కూడా విధానకర్తలదే. రహదారుల కోసం లక్షల కోట్లు వెచ్చిస్తున్న దేశం, ఆ రహదారుల మీద బండి నడిపే మనిషి విషయంలో పిసినారితనం చూపడం తగదు.