కడుపునొప్పి సాకు కాదు



"రోజూ కడుపునొప్పేనా? చదవలేక నాటకాలు." మైలవరంలో హాస్టళ్లలో ఉండి చదువుకునే మేం ఈ మాట వినీ వినీ విసిగిపోయాం. మాలో కొందరికి నెలల తరబడి నొప్పి, మోషన్లు. తిన్నది ఒంటికి పట్టదు. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే గ్యాస్ మాత్ర, ఓ ఇంజక్షన్. స్కానింగ్ తీస్తే "నార్మల్". ఇక ఆ కాగితం చూపించి ఇంట్లోవాళ్లూ, వార్డెన్లూ ఒకటే మాట: రోగం లేదు, సాకు.

అయ్యా, స్కానింగ్‌లో అన్నీ కనిపిస్తాయని మీకెవరు చెప్పారు? పేగు లోపలి పుండు మామూలు స్కానింగ్‌కి దొరక్కపోవచ్చు. ఐబీఎస్ అనే జబ్బుంటే కొలనోస్కోపీ చేసినా పేగు బాగానే కనిపిస్తుంది, నొప్పి మాత్రం నిజం. క్రోన్స్ వ్యాధి, పేగు టీబీ అయితే కవల పిల్లల్లాంటివి. అదే నొప్పి, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. పేగు ముక్క తీసి పరీక్షకు పంపినా పెద్ద డాక్టర్లే తేల్చుకోలేని సందర్భాలున్నాయి. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే టీబీ ఇంకా ముదురుతుంది. నిపుణులకే ఇంత కష్టమైనదాన్ని హాస్టల్ వరండాలో నిలబడి ఒక్క చూపుతో తేల్చేస్తారా?

"రాళ్లు తిన్నా అరిగే వయసురా, తండా పిల్లలకి కడుపునొప్పేంట్రా" అని మనవాళ్లే నవ్వుతారు. ఈ పొగడ్తే మన కొంప ముంచుతోంది. పక్కనే ఉన్న ఎ.కొండూరు తండాలు చూడండి. కిడ్నీ జబ్బు బాగా ముదిరేదాకా పైకి కనిపించదు. కనిపించని రోగాన్ని లేదనుకుంటే ఏమవుతుందో ఆ ఇళ్లలో అడగండి.

మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆసుపత్రి కోసం విజయవాడ తిరిగితే బస్సు ఛార్జీతో పాటు హాజరు కూడా పోతుంది. 75 శాతం లేదంటే పరీక్షకే గండం. చదువు ఆగితే మళ్లీ మామిడి తోటల్లో కూలికే కదా?

అందుకే అడుగుతున్నాం. ఆసుపత్రి చీటీ ఉన్న రోజుని హాజరుగా రాయండి. హాస్టల్లో నెలనెలా బరువు తూచి రిజిస్టర్లో రాయండి, ఎవరు చిక్కిపోతున్నారో అందులోనే తెలుస్తుంది. తాగే నీళ్లు పరీక్ష చేయించండి. బాత్రూములకి నీళ్లు, గడియ పెట్టించండి. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మోషన్లో రక్తం పడినా, జ్వరం వదలకపోయినా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తాల్సి వస్తున్నా ఆర్‌ఎంపీ దగ్గర ఆగొద్దు. పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోండి. టీబీ అని తేలితే ప్రభుత్వంలో పరీక్ష, మందులు ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తారు. సిగ్గుపడి దాచుకోవద్దు. తోడు కావాలంటే గ్రూపులో చెప్పండి, మేం వస్తాం.

నొప్పి ఉందన్నవాడిని ముందు నమ్మండి. పరీక్షలు తర్వాత.

జై సేవాలాల్! జై భీమ్!