వినపడని జవాబు జవాబు కాదు

అమెరికాలో ప్రజలు వాడుకునే విమానాశ్రయాలు సుమారు 5 వేలు. కంట్రోల్ టవర్ ఉన్నవి వాటిలో దాదాపు పదో వంతే. మిగిలినచోట్ల దిగమని, ఆగమని చెప్పేవారుండరు. తామెక్కడున్నదీ, ఏ రన్‌వేకి వస్తున్నదీ పైలట్లే ఒక ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో చెప్పుకోవాలి, ఎదుటివాళ్లు వినాలి. పైలట్ శిక్షణకని మన పిల్లలూ అక్కడికి వెళ్తున్నారు గనుక ఇది మన ఇళ్లకూ సంబంధించిన సంగతే.

ఈ పద్ధతే తప్పని నేననను. రోజుకు నాలుగు విమానాలు దిగే ఊరికల్లా టవర్ కట్టడం అయ్యే పని కాదు. నా అభ్యంతరమల్లా రేడియోలో ఒక మాట చెప్పేస్తే చాలనుకోవడం మీదే.

1996 నవంబరు 19, ఇల్లినాయి రాష్ట్రంలోని క్విన్సీ. పొద్దుగూకే వేళ. పదిమంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లతో ఒక బీచ్‌క్రాఫ్ట్ 1900 దిగబోతోంది. దానికి అడ్డంగా పోయే రన్‌వే మీద ఎగరడానికి సిద్ధంగా ఒక కింగ్ ఎయిర్ విమానం, దాని వెనక చిన్న చెరోకీ విమానం. ఆగుతారా, ఎగురుతారా అని దిగేవాళ్లు అడిగారు. కింగ్ ఎయిర్ పలకలేదు. తాను ఆగి ఉన్నానని వెనకనున్న చెరోకీ పైలట్ బదులిచ్చాడు. సరిగ్గా అప్పుడే కాక్‌పిట్‌లో ఎత్తు హెచ్చరించే యంత్రం ‘రెండు వందలు’ అంది. జవాబులో ఒక ముక్క ఆ చప్పుడులో కలిసిపోయింది. చివర్లో ‘కింగ్ ఎయిర్’ అన్న మాట మాత్రం వినపడింది. అదే ఆగుతోందనుకుని దిగారు. అది ఆగలేదు. రెండు రన్‌వేలు కలిసేచోట ఢీకొని 14 మంది చనిపోయారు.

బీచ్‌క్రాఫ్ట్‌లోని వాళ్లు గుద్దుకున్న దెబ్బకు పోలేదు. పరుగెత్తుకొచ్చినవాళ్లను కాక్‌పిట్ కిటికీలోంచి కెప్టెన్ తలుపు తీయమని అడిగారు కూడా. ఎంత లాగినా తలుపు రాలేదు. పొగ, మంట కమ్మేశాయి. మంటలార్పే సిబ్బంది అక్కడ సిద్ధంగా లేరు, ఊళ్లోంచి రావాలి. 30 సీట్లు దాటిన విమానాలొచ్చే చోటే ఆ ఏర్పాటు ఉండాలన్నది అప్పటి నిబంధన. ప్రాణాలను సీట్ల లెక్కన తూచిన నిబంధన అది. 2004లో గానీ మార్చలేదు.

కింగ్ ఎయిర్ పైలట్లు రేడియో సరిగా వినలేదు, చుట్టూ చూడలేదు అని దర్యాప్తు తేల్చింది. అయితే 2022 ఆగస్టులో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ దగ్గర రెండు సెస్నా విమానాలు ఢీకొన్నప్పుడు రెండువైపులా చెబుతూనే ఉన్నారు. వెనకనుంచి వచ్చిన పెద్ద విమానం వేగం మరీ ఎక్కువ. ముగ్గురు పోయారు.

తామున్న చోటును పక్క విమానానికి తెలిపే ఏడీఎస్-బీ పరికరం ఇలాంటి చాలా చోట్ల ఇప్పటికీ తప్పనిసరి కాదు. దాన్ని తప్పనిసరి చేయాలి, ఖర్చు సాకు ఇక చాలు. శిక్షణలో ఉన్న పిల్లలకు ఒక్క మాట: జవాబిచ్చింది ఎవరో స్పష్టంగా వినపడకపోతే దిగకండి. పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అడగండి.