సీటొచ్చింది కదా, ఇంకేం?

నేను ఇంజనీరింగ్ సీటు వదులుకుని ఇక్కడ కూర్చున్నానని మన క్లాసులో సగం మందికి తెలుసు. కొందరు "ఎంత ధైర్యమే నీకు" అంటారు, కొందరు "పిచ్చిదానా" అంటారు. నాకైతే రెండూ సరిగ్గా అతకవు. ఈ ఏడు సీఈటీ కౌన్సెలింగ్ మళ్ళీ మొదలవుతోంది, కొత్తగా చేరే జూనియర్లలో చాలామందికి ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ ఉంటుంది. అందుకని నా సంగతి చెప్తాను.

మాది ముళబాగిలు దగ్గర పల్లె. నాయనది తెలుగు, అమ్మది కన్నడ. పీయూసీలో సైన్స్ ఎందుకు తీసుకున్నానంటే అందరూ తీసుకున్నారని. ఇంజనీరింగ్ ర్యాంకుకి పీయూసీ మార్కులు సగం, సీఈటీ మార్కులు సగం కలుపుతారు కదా, నన్ను పీయూసీ కాపాడింది, సీఈటీ ముంచింది. ర్యాంకు 60 వేలు దాటింది. డిగ్రీ అడ్మిషన్లు ముందే అయిపోతాయి కాబట్టి "చేతిలో ఒకటి ఉండనీ" అని నాయన నన్ను ఇక్కడ హిస్టరీ, ఎకనామిక్స్, తెలుగులో చేర్పించాడు.

క్లాసులు మొదలై నెల దాటాక ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. మొదటి రౌండులోనే సీటు. రూరల్ కోటాలో ఎలక్ట్రికల్ బ్రాంచి, రాత్రంతా బస్సులో పోతే గానీ చేరలేని ఊళ్ళో ప్రైవేటు కాలేజీ.

సీటు వచ్చినాక నాలుగు ఛాయిస్‌లు ఇస్తారు. ఒకటి నొక్కితే ఫీజు కట్టి చేరిపోవాలి. రెండు నొక్కితే ఈ సీటు ఉంచుకుని, మన లిస్టులో దీనికంటే పైనున్నవాటి కోసం తర్వాతి రౌండుకి పోవచ్చు. మూడు నొక్కితే ఈ సీటు పోతుంది, తర్వాతి రౌండు మాత్రం ఉంటుంది. నాలుగు నొక్కితే మొత్తం బయటికి. చదవడానికి సులభంగానే ఉంది. మా ఇంట్లో మాత్రం రెండు రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు.

"వచ్చిన సీటును ఎవరైనా కాలదన్నుకుంటారా?" అన్నాడు నాయన. చిన్నాయన ఛాయిస్ 2 పెట్టమన్నాడు, ఇది చేతిలో ఉంటుంది, మంచిది వస్తే మారొచ్చు అని. మేనత్త ఫోన్ చేసి మా వదిన కథ ఇంకోసారి చెప్పింది. ఆమె మూడేళ్ళ కిందట ఛాయిస్ 3 నొక్కింది, తర్వాత ఏమీ రాలేదు, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఆ మాట ఎత్తకుండా ఎవరూ భోజనానికి లేవరు. అమ్మ అంట్లు తోముతూ, తల ఎత్తకుండానే "నినగె ఇష్ట ఇద్యా?" అంది. నీకు ఇష్టమేనా అని అడిగింది ఆమె ఒక్కతే.

ఆ రాత్రి నా ఆప్షన్ల లిస్టు తీసి చూశాను. మొత్తం 62. నాకు వచ్చిన సీటు 41వది. పైన ఉన్న నలభైని ఒక్కొక్కటే చదువుతూ, ఇది వస్తే పోతానా అని అడుగుకున్నాను. ఒక్కదానికీ పోతానని అనిపించలేదు. అనిపించదు కూడా, ఆ లిస్టు నేను పెట్టింది కాదు. సైబర్ సెంటర్ అన్న "ఎక్కువ పెడితే మంచిది పాపా" అని టకటకా కొట్టేశాడు, నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఓటీపీ చెప్పాను. అంతే నా పాత్ర. మాక్ అలాట్‌మెంట్ వచ్చినప్పుడు లిస్టు మార్చుకునే వీలుంది, అది కూడా చూడలేదు. ఇక ఛాయిస్ 2 నొక్కి నేను దేనికోసం కాచుకోవాలి?

నాలుగు నొక్కాను. నాయన మూడు రోజులు మాట్లాడలేదు.

నా అభిప్రాయం ఏమంటే, సీటు తీసుకోవాలా వద్దా అని తేల్చుకోవాల్సింది సీటు వచ్చినాక కాదు, ఆప్షన్లు పెట్టే రోజునే. పోనని తెలిసిన కాలేజీ లిస్టులో ఉండకూడదు. ఇంకొక తప్పు కూడా చాలామంది చేస్తారు, "ఇదైతే తప్పకుండా వస్తుంది" అని చిన్నదాన్ని పైన పెట్టేస్తారు. మన ర్యాంకుకి అందేవాటిలో లిస్టులో పైనున్నదే ఇస్తారు కాబట్టి, ఆశ ఉన్నదాన్ని మొదట పెడితే కింద ఉన్నదానికి నష్టమేమీ లేదు.

ఇంకోటి కూడా ఉంది. నేను మొదటి రౌండులోనే తప్పుకున్నాను కాబట్టి ఆ రూరల్ సీటు రెండో రౌండులో ఇంకెవరికైనా పోయుంటుంది. ఇష్టం లేకపోయినా ఆఖరి రౌండుదాకా పట్టుకుని అప్పుడు వదిలేస్తే అది ఎవరికీ దక్కకుండా ఖాళీగా మిగిలిపోవచ్చు. "రూరల్ కోటా వృథా చేశావు" అన్నవాళ్ళకి నా జవాబు ఇదే.

అలాగని అందరూ నాలుగే నొక్కాలని అనను. నా ఫ్రెండు అదే రౌండులో సివిల్ తీసుకుని చేరిపోయింది, ఎండలో సర్వే కర్ర పట్టుకుని నిలబడి ఫోటోలు పంపుతుంది, సంతోషంగానే ఉంది. నాకేమో బీఏ తర్వాత ఏంటి అని నాయన అడిగితే బీఈడీ అని గొణుగుతాను. ఆయన అడగడంలో తప్పు లేదు. నా అలాట్‌మెంట్ ప్రింటు ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నాడని నాకు తెలుసు.

మన మేడమ్‌లకి ఒక మనవి. ఫస్టియర్ క్లాసులో "సీఈటీ ఉన్నవాళ్ళు చేతులెత్తండి, మీరెలాగూ వెళ్ళిపోతారు" అని అంటుంటారు. నవ్వుకే అంటారు, తెలుసు. కానీ చెయ్యెత్తిన పిల్ల ఆ నెలంతా నోట్సు కూడా రాయదు, నేనూ రాయలేదు. దానికి బదులు ఆ వారంలో ఒక సాయంత్రం కంప్యూటర్ ల్యాబ్ తెరిచి, ఎవరి లిస్టు వాళ్ళ చేతే పెట్టిస్తే బాగుంటుంది.

మీ చెల్లెళ్ళు ఎవరైనా ఈసారి ఆప్షన్లు పెడుతుంటే లంచ్‌లో రమ్మనండి. కిటికీ పక్కన మూడో బెంచీలో ఉంటాను. సైబర్ సెంటర్‌కి పోకముందే రమ్మనండి.