తోటకు వచ్చిన గుంటనక్క

లోకమున కొందఱికి మంచిపేరు సులభముగా వచ్చును. కొందఱికి ఎంత చేసినను చెడ్డపేరు వదలదు. మనుష్యులలోనే కాదు, మృగములలోను ఇట్టి భేదము కలదు. ఆవు సాధువనియు, సింహము రాజనియు, నక్క మోసకారి యనియు మనము పసితనముననే నేర్చుకొందుము. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో సింహమునకును ఎద్దునకును గల చెలిమిని చెఱచినది దమనకుడను నక్క. కపటోపాయములకు నక్కజిత్తులనియు, దొంగవినయమునకు నక్కవినయమనియు మన భాషలో పేర్లు. అయినను, ఎవనికైన అదృష్టము కలిసివచ్చినచో వాడు నక్కతోక త్రొక్కి వచ్చినాడందుము. జంతువును నిందించిన నోరే దాని తోకను భాగ్యమునకు గుర్తుగా చెప్పుచున్నది! పేరును బట్టి తీర్పు చెప్పుట ఎంత తడబాటునకు దారితీయునో దీనివలన తెలియగలదు.

ఇట్టి తీర్పునకు సంబంధించిన వివాద మొకటి ఇంగ్లండు దేశపు పట్టణములలో చాల కాలముగా నడచుచున్నది. అచట ఇండ్ల పెరడులలోనికి గుంటనక్కలు వచ్చుచున్నవి. అవి తోటలు పెంచువారికి మేలు చేయుచున్నవా, కీడు చేయుచున్నవా? ఇదియే ప్రశ్న. సమాధానము చెప్పుటకు ముందు ఆ జంతువు ఎట్టిదో, పట్టణములోనికి ఎట్లు వచ్చినదో తెలిసికొందము.

మనము సామాన్యముగా నక్క యనునది రాత్రులందు ఊళలు వేయుచు తిరుగు జంతువు. అది తోడేలునకు దగ్గఱి చుట్టము. గుంటనక్క వేఱు. అది చిన్నది, కుచ్చువంటి తోక గలది, నేలలో బొరియ చేసికొని పిల్లలను పెట్టునది. ఇంగ్లండులోని గుంటనక్కకు ఎఱ్ఱని బొచ్చు ఉండును. దాని బరువు సాధారణముగా 5 మొదలు 7 కిలోల వఱకు మాత్రమే. రెండు ప్రపంచ యుద్ధములకు నడుమ, అనగా 1918కిని 1939కిని మధ్య, లండను నగరము చుట్టుప్రక్కల పొలముల మీదికి వేగముగా వ్యాపించెను. వెనుకవైపు పొడవైన పెరడుతో వేలకొలది ఇండ్లు లేచెను. గుంటనక్క నగరమును వెదకికొని వచ్చెననుట కంటె, నగరమే గుంటనక్క ఇంటికి వచ్చెననుట సత్యమునకు దగ్గఱగా ఉండును. పొదలు, మెత్తని నేల, పండ్లచెట్లు, మిగిలిన ఆహారము అన్నియు ఒకచోట దొరకినందున అది అచటనే నిలిచిపోయెను. 2017లో వెలువడిన ఒక అంచనా ప్రకారము ఇంగ్లండు పట్టణములలో సుమారు 1,50,000 గుంటనక్కలు కలవు.

మొదట తోటలవారి ఫిర్యాదు విందము. వారు శ్రమపడి పెంచిన పచ్చికను గుంటనక్క రాత్రికి రాత్రి త్రవ్విపోవును. నాటిన దుంపలను పైకి లాగివేయును. లేత మొక్కలను త్రొక్కును. పనిముట్లు దాచుకొను చెక్కపాక క్రింద బొరియ చేసి, వసంతకాలమున నాలుగైదు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు ఆటలాడుచు పూలమళ్ళను పాడుచేయును. ఆరుబయట విడిచిన చెప్పులను, చేతితొడుగులను ఎత్తుకొనిపోవును. చలికాలమున జతకట్టు వేళ దాని అఱపు నిద్రపట్టనీయదు. అది విడుచు మూత్రపు కంపు దుస్సహము. ఇక కోళ్ళ గూటి తలుపు ఒక్క రాత్రి మఱచిరా, తెల్లవారునప్పటికి ఒక్క కోడియు మిగులకపోవచ్చును. ఈ ఫిర్యాదులలో అబద్ధమేమియు లేదు. నష్టపడినవాని మాటను తేలికగా త్రోసివేయరాదు.

ఇక రెండవ పక్షము. గుంటనక్క ఎలుకలను, చిట్టెలుకలను పట్టి తినును. కూరమొక్కలను కొఱుకు కుందేళ్ళను, మొలకలను పీకు పావురములను వేటాడును. పెంకుపురుగులను, గడ్డి వేళ్ళను తినివేయు వేరుపురుగులను ఏరుకొని తినును. చెట్టు క్రింద రాలి కుళ్ళు పండ్లను, చచ్చిపడిన పక్షులను శుభ్రము చేయును. వీధి ఊడ్చువాడు కూలి తీసికొనును. ఈ పాకీపని చేయు జంతువు కూలి అడుగదు. ఇదియు నిజమే. కాని దీనిని మిక్కిలి పెంచి చెప్పరాదు. గుంటనక్కలు తిరుగు నగరములలో ఎలుకలు లేకుండ పోలేదు. పైగా అది వేరుపురుగులతోపాటు, నేలను గుల్లచేసి తోటకు మేలుచేయు వానపాములను కూడ తినుచున్నది.

ఇరుపక్షముల వాదములను త్రాసులో పెట్టి చూచినచో ముల్లు ఎటు మొగ్గును? నా అభిప్రాయమున, ముందుగా మఱియొక సంగతి విచారింపవలెను. గుంటనక్క చేయు నష్టములో దాని తప్పెంత, మన అజాగ్రత్త ఎంత? పచ్చికను అది ఎందుకు త్రవ్వినది? అడుగున వేరుపురుగులు ఉన్నవి గనుక త్రవ్వినది. అనగా పచ్చికకు తెగులు ముందే పట్టినది. గుంటనక్క దానిని బయటపెట్టినది. దుంపలను ఎందుకు లాగినది? తోటమాలి వానికి ఎముకల పొడిని, ఎండు రక్తపు పొడిని ఎఱువుగా వేసినాడు. ఆ వాసన తగులగానే ఇచట మాంసము పాతిపెట్టినారని అది భ్రమించును. కోడిని ఎందుకు పట్టినది? గూటికి గడియ లేదు. చెత్తను ఎందుకు చిందఱవందఱ చేసినది? సంచి కట్టి మూతలేని చోట వీధిలో పడవేసినారు.

మనుష్యుని ఎంగిలి గుంటనక్కను ఎంతదూరము తీసికొనిపోవునో తెలుపు విచిత్రమొకటి 2011లో లండనులో జరిగెను. అప్పుడు షార్డు అను ఆకాశహర్మ్యమును కట్టుచుండిరి. దాని 72వ అంతస్తులో ఒక గుంటనక్క కనబడెను. మెట్లదారిని పైకెక్కి, పనివారు విడిచిన ఆహారపు తునకలను తినుచు అది అచట బ్రతుకుచుండెను. దానిని పట్టి, ఆరోగ్యము పరీక్షించి, మరల విడిచిపెట్టిరి. అన్నపు మెతుకు ఉన్నచోటికి చీమ వచ్చినట్లు, ఎంగిలి ఉన్నచోటికి గుంటనక్క వచ్చును.

చంపివేసినచో పీడ వదలును గదా యని కొందఱందురు. ఆ ఉపాయమును అచటివారు ప్రయత్నింపకపోలేదు. 20వ శతాబ్దపు నడిమి దశకములలో లండను ప్రాంతమున గుంటనక్కలను చంపించుటకు అధికారులు ఏండ్ల తరబడి పాటుపడి, ఫలము కానక తుదకు ఆ పని మానుకొనిరి. ఒక గుంటనక్క చచ్చిన చోటికి, ఇల్లు వాకిలి లేక తిరుగు మఱియొక గుంటనక్క వచ్చి చేరును. ఊటబావిలో నీరు తోడినట్లగును. అట్లని వాని సంఖ్య అంతులేక పెరుగునని భయపడ బనిలేదు. నగరమున బ్రతుకు గుంటనక్కలలో పెక్కింటికి రెండేండ్లయిన నిండవు. బండ్ల చక్రముల క్రింద ఎన్నియో చచ్చును. బ్రిస్టలు నగరములో 1994లో గజ్జివ్యాధి సోకి, పదింట తొమ్మిదింటి కంటె ఎక్కువ గుంటనక్కలు నశించినవి. ప్రకృతి తన లెక్కను తానే చూచుకొనును.

కావున చేయవలసిన పని సులభమైనది, తుపాకి అక్కఱలేనిది. ఎముకల పొడికి బదులుగా ఆకుల ఎఱువు వాడవలెను. నాటిన దుంపలపై కొన్నాళ్ళు తీగవల పఱవవలెను. చెక్కపాక అడుగున సందులు మూసివేయవలెను. అయితే లోపల పిల్లలు లేవని చూచుకొని మూయవలెను. కోళ్ళగూటికి గట్టి వలయు, గడియయు ఉండవలెను. చెత్తబుట్టకు మూత ఉండవలెను. దొంగను రోజెల్ల తిట్టుట కంటె రాత్రి తలుపు గడియ పెట్టుకొనుట మేలు గదా!

ఇచట మఱియొక మాట చెప్పవలెను. గుంటనక్కను ద్వేషించువారే కాదు, అతిగా ప్రేమించువారు కూడ దానికి కీడు చేయుదురు. కొందఱు ప్రతిదినము మాంసము పెట్టి దానిని చేతికి మచ్చిక చేయుదురు. అట్లు అలవాటుపడినది పొరుగింటికి పోయి అట్లే చేతికడకు వచ్చును. వారు బెదరి కఱ్ఱ ఎత్తుదురు. వన్యమృగమును దూరమున నిలిపి చూచుటయే దానికి మనము చేయు మర్యాద.

ఇక నా తీర్పు. గుంటనక్క తోటకు మిత్రము కాదు, శత్రువు కాదు. అది పొరుగున నివసించు ప్రాణి. మంచి పొరుగునకు మంచి కంచె కావలెను. అది ఎన్ని ఎలుకలను తినెనో లెక్కించి, ఆ లెక్కకు సరిపడినంత కాలమే దానిని బ్రతుకనిత్తుమనుట న్యాయము కాదు. ప్రయోజనమును బట్టియే ప్రాణమునకు విలువ కట్టినచో, ముసలి ఎద్దునకును, కాయలు మానిన చెట్టునకును, తుదకు పని చేయలేని మనుష్యునకును ఈ లోకమున చోటుండదు.

బాలబాలికలారా! ఇది దూరదేశపు ముచ్చట యని విడిచిపెట్టకుడు. మన దేశమునను గుంటనక్క కలదు. నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు గడ్డిమైదానములలో అది ఎలుకలను, చెదలను, రేగుపండ్లను తిని బ్రతుకుచున్నది. మన నక్కయు చెఱకుతోటలలో, మొక్కజొన్న చేలలో, పుచ్చపాదులలో దూరి రైతునకు నష్టము కలిగించును. ఆ చేలలోనే ఎలుకలను పట్టి మేలును చేయును. దానికి మన దేశములో మఱియొక ఆపద వచ్చిపడినది. నక్కకొమ్ము ఇంటనున్న సిరి కలుగునని నమ్మి కొనువారున్నారు. అమ్ముటకై నక్కలను చంపువారున్నారు. నక్కకు కొమ్ము లేదు! లేని కొమ్మునకై ఉన్న ప్రాణమును తీయుట ఎంత అవివేకము! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి నక్కను గాని, గుంటనక్కను గాని వేటాడుట నేరము.

అయితే జాలితో దగ్గఱకు పోకుడు. ఇంగ్లండున 1922లోనే తొలగిపోయిన రేబిస్ వ్యాధి మన దేశమున ఇంకను కలదు. ఏ నక్కయైనను, కుక్కయైనను కఱచినచో వెంటనే గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను.

ఒక ప్రాణిని గూర్చి గాని, ఒక మనుష్యుని గూర్చి గాని మంచియో చెడ్డయో నిర్ణయింపవలసినపుడు, లోకము పెట్టిన పేరును ప్రక్కకుంచి, అది చేసిన పనిని చూడుడు. ఆ పనిలో మన తప్పు పాలెంతయో కూడ లెక్కింపుడు. అప్పుడు చెప్పిన తీర్పే నిలుచును.