గిడ్డంగి కుంగితే మూడేళ్ల గడువేనా?

ప్రామిసరీ నోటుకు మూడేళ్లే ఆయుష్షని మన రైతుల్లో తెలియనివారు లేరు. గడువు దగ్గర పడుతుందనగానే షావుకారు కబురు పెడతాడు. ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయిస్తాడు, లేదా నోటే తిరగరాయిస్తాడు. తనకు రావలసిన దాని విషయంలో ఒక్క రోజు ఏమరడు. మనం మాత్రం లక్షలు పోసి కట్టించుకున్న ఇల్లు, గిడ్డంగి, కోళ్ల షెడ్డు విషయంలోనూ అలాంటి గడువే నడుస్తోందని గుర్తించం.

మా ఊళ్లో అదే జరిగింది. ఏడుగురం కలిసి బ్యాంకు అప్పు తీసుకుని పసుపు నిల్వకు గిడ్డంగి కట్టించాం. నేల నల్లరేగడి. ప్లాను గీసిన ఇంజనీరు మట్టి పరీక్ష చేయించలేదు. ఎర్రనేలలో తీసినట్టే పునాది తీయించాడు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు గచ్చు ఉబ్బింది. మూడో వేసవికి గోడలో వేలు పట్టేంత పగులు వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా కాంట్రాక్టరు "మనలో మనకేంటన్నా, నేను చూసుకుంటా" అనేవాడు. రెండుసార్లు మేస్త్రీని పంపి సిమెంటు పూయించాడు కూడా. నాలుగో ఏట ఒక మూల కుంగి, రేకులు జారి, బస్తాలు తడిశాయి. అప్పుడు వకీలు దగ్గరికి వెళ్లాం. ఆయన పగులు సంగతి అడగలేదు. "తాళాలు ఏ తేదీన ఇచ్చాడు?" అని అడిగాడు. చెప్పాం. వేళ్ల మీద లెక్కేసి, కాగితాలు తిరిగి మా చేతికిచ్చాడు.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు పరిహారం కోరే దావా మూడేళ్లలో వేయాలి. ఆ మూడేళ్లు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మొదలవుతాయి, అది మన కంటపడిన రోజు నుంచి కాదు. పునాది లోతు తగ్గించి మట్టి కప్పేశాడంటే గడియారం అప్పుడే కదిలినట్టు. మోసం చేసి దాచాడని రుజువు చేయగలిగితే మనకు తెలిసిన నాటి నుంచి లెక్కిస్తారు. కానీ నిర్లక్ష్యం వేరు, మోసం వేరు. మోసాన్ని రుజువు చేయడం రైతుకు అయ్యే పనేనా? ఆలస్యానికి కారణం చెప్పుకుని గడువు మన్నించమని అడిగే వీలు అప్పీళ్లకు ఉంది, దావాకు లేదు. అవతలివాడు గడువు మాట ఎత్తకపోయినా కోర్టే దావా కొట్టేయాలి.

నల్లరేగడి సంగతి మనకు ఒకరు చెప్పాలా? వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఏటా కొంచెం కొంచెంగా పునాదిని కదుపుతుంది. లోపం పైకి తేలేసరికి నాలుగైదు వానాకాలాలు గడిచిపోవచ్చు. ఆ నేల నడకతో ఈ మూడేళ్ల లెక్కకు పొంతనే లేదు.

ఇదే చట్టంలో ప్రభుత్వాల తరఫున వేసే దావాకు ఎంత గడువో తెలుసా? 30 ఏళ్లు! ఇంజనీర్లు, లాయర్లు, రికార్డు గదులు అన్నీ ఉన్నవారికి 30, గిడ్డంగి తాళంచెవి తప్ప ఏమీ లేనివారికి 3. పోనీ ఆ 30 ఏళ్లూ ప్రజల సొమ్ము రాబట్టడానికి వాడుతున్నారా? 2019 జూన్‌లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పియర్లు కుంగాయి. నాలుగేళ్లు దాటింది అంతే. వెంటనే మొదలైన తగువు, లోపాలు సరిచేసే గడువు ముగిసిందా లేదా, మరమ్మతు ఖర్చు ఎవరిది అని.

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ఒప్పంద పత్రంలో రాసుకునే లోపాల బాధ్యత కాలం, ఏడాదో రెండేళ్లో, కాంట్రాక్టరు తన ఖర్చుతో వచ్చి బాగుచేయాల్సిన కాలం. అది తీరితే దావా హక్కు పోయిందని కాదు. ఏడాది దాటితే కోర్టుకు వెళ్లరాదని పత్రంలో రాయించుకున్నా, కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఆ షరతు చెల్లదు. "గ్యారంటీ అయిపోయింది" అన్న మాట విని రైతు ఇంటికి తిరిగి వస్తే లాభపడేది కాంట్రాక్టరే.

ఫ్రాన్సులో భవనం పటుత్వానికి ముప్పు తెచ్చే లోపాలకు కట్టినవారు, డిజైన్ చేసినవారు అప్పగించిన నాటి నుంచి పదేళ్లు బాధ్యులు. దానికి బీమా కూడా తప్పనిసరి. మన దగ్గర రెరా చట్టం ఐదేళ్లు ఇచ్చింది, మంచిదే. కానీ అది డెవలపర్ దగ్గర ఫ్లాటో ప్లాటో కొన్నవారికి. సొంత చేలో గిడ్డంగి కట్టించుకున్నవాడికి అది అక్కరకు రాదు.

కట్టినవాడిని జీవితాంతం కోర్టుల చుట్టూ తిప్పాలని మనం అనడం లేదు. సాక్షులు పోతారు, కాగితాలు చెదలు తింటాయి, నిర్వహణ గాలికొదిలేసిన యజమానులూ ఉంటారు. అందుకే గడువు ఉండాలి. లోపం బయటపడిన రోజు నుంచి మూడేళ్లు, అప్పగించిన రోజు నుంచి ఎటు చూసినా పదేళ్లు మించకుండా లిమిటేషన్ చట్టాన్ని సవరించాలి. ఈ తీర్మానం మన మహాసభల్లో రావాలి.

అంతవరకు షావుకారు తెలివే మనకూ కావాలి. ఫోన్లో ఒప్పుకున్నది కాదు, బాధ్యత తనదేనని కాంట్రాక్టరు గడువులోపు రాసి సంతకం పెడితేనే కొత్త గడువు మొదలవుతుంది. పగులు కనపడగానే తేదీతో ఫొటో తీయండి. స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. కానీ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడియారం ఆగదు, ఇది మరవద్దు. ఇలాంటి కట్టడాలున్న సభ్యులు ఒప్పంద పత్రం, అప్పగించిన తేదీ, బిల్లులు తీసుకుని మండల కమిటీని కలవండి. అప్పగించి రెండేళ్లు దాటినవారు ఈ నెలలోనే రండి.