అణు విద్యుత్తు: సరుకు బరువు తక్కువ, వడ్డీ బరువు ఎక్కువ

ముత్తుకూరు: కృష్ణపట్నం రేవు పరిసరాల్లో వర్తకానికి బొగ్గు రాకలే ఆధారం. నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడు వున్నవి. ఈ పరిసరాల్లోనే ప్రైవేటు రంగంలో 660 మెగావాట్ల యూనిట్లు నాలుగు వున్నవి. ఇటువంటి చోట అణు విద్యుత్తు మాట వినవస్తే, బొగ్గు గిరాకీ ఏమవుతుందోనని లారీ యజమానులు, బ్రోకర్లు ఆరా తీయడం సహజం. 2047 నాటికి అణు విద్యుత్ సామర్థ్యాన్ని లక్ష మెగావాట్లకు చేర్చాలని కేంద్రం 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలను అనుమతించే చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. ఈ దృష్ట్యా సరుకు లెక్క ఒకసారి చూడవలసి వుంది.

అణు కేంద్రంలోనూ ఆవిరే టర్బైను తిప్పుతుంది. అంతవరకు నేలటూరుకు, దానికి తేడా లేదు. నీటిని మరిగించే వేడి మాత్రం బొగ్గు మంట నుంచి కాక, యురేనియం పరమాణువు చీలడం వల్ల వస్తుంది. ఇందుకు మనకు దగ్గరి ఉదాహరణ కల్పాక్కం. ఇదే తీరం వెంబడి చెన్నై దాటితే వస్తుంది. అక్కడ 220 మెగావాట్ల యూనిట్లు రెండు 1984, 1986లలో ఉత్పత్తి ప్రారంభించాయి. 2004 డిసెంబరు 26న సునామీ నీరు ఆవరణలోకి వచ్చినపుడు, నడుస్తున్న యూనిట్‌ను క్షేమంగా ఆపివేశారు. అయితే 2011లో జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ వల్లనే పెను ప్రమాదం సంభవించింది. తుపానుల తీరంలో వున్న మనం రెండింటినీ గుర్తుంచుకోవాలి.

ఇక తూకం సంగతి. 800 మెగావాట్ల బొగ్గు యూనిట్ పూర్తి స్థాయిలో నడిస్తే రోజుకు 10 వేల టన్నులకు పైగా దేశీయ బొగ్గు కావాలి. కల్పాక్కం తరహా రియాక్టరులో అంత కరెంటుకే సుమారు 4 క్వింటాళ్ల యురేనియం ఇంధనం చాలు. ఒక్క చిన్న లారీకైనా నిండు లోడు కాదు. ఈ ఇంధన కడ్డీలు హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. అయితే గని వద్ద తూకం వేరు. కడప జిల్లా తుమ్మలపల్లి ఖనిజంలో టన్నుకు అర కిలో యురేనియం కూడా వుండదు. మిగిలిన వ్యర్థమంతా అక్కడే వుంటుంది. తమ బోరుబావుల నీరు చెడుతున్నదని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేసిన సంగతి తెలిసిందే.

ఇంధనం ఇంత తక్కువైతే కరెంటు కారుచౌక కావాలి గదా అన్నది తదుపరి ప్రశ్న. సమాధానం పెట్టుబడిలో వున్నది. బొగ్గు కరెంటు ధరలో పెద్ద పాలు ఇంధనానిది. అణు కరెంటు ధరలో పెద్ద పాలు నిర్మాణ వ్యయానిది, దానిపై వడ్డీది. నూటికి నెలకు రూపాయి వడ్డీతో తెచ్చిన అప్పుకు ఏటా నోటు తిరగరాస్తే, ఆరేండ్లలో అసలు ఇంచుమించు రెట్టింపవుతుంది. కేంద్రం కట్టడం అంత ఆలస్యమైతే జరిగేదీ అదే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వోగ్ల్ వద్ద తలపెట్టిన రెండు కొత్త రియాక్టర్ల మొదటి అంచనా సుమారు 1,400 కోట్ల డాలర్లు. 2023, 2024లలో అవి పని ప్రారంభించేసరికి ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో పెట్టదలచిన ఆరు రియాక్టర్లూ ఆ నమూనావే. వాటిని సరఫరా చేయవలసిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ 2017లో దివాలా పిటిషను వేసి, తర్వాత చేతులు మారింది.

బొగ్గుకు వడ్డీ దెబ్బ తక్కువైనా ధర దెబ్బ ఎక్కువ. ముత్తుకూరు వారికి ఇది కొత్త కాదు. ఇక్కడ 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును 2007లో యూనిట్ 2 రూపాయల 33 పైసల రేటుకు రిలయన్స్ పవర్ దక్కించుకున్నది. ఇండోనేషియా తన బొగ్గు ఎగుమతులకు కొత్త ధరల నిబంధన తేగా, 2011లో పనులు నిలిచిపోయాయి. ప్రాజెక్టు కోసం భూములిచ్చిన వారికి ఆశించిన కొలువులు రాలేదు, వర్తకులకు అనుకున్న బేరాలూ రాలేదు. కొవ్వాడలోనూ భూసేకరణ ఏనాడో మొదలైంది, నిర్మాణం మాత్రం మొదలు కాలేదు.

అందువల్ల మా అభిప్రాయమేమంటే, అణు విద్యుత్తు రాష్ట్రానికి అక్కరలేదనడం సరికాదు. రేయింబవళ్లు ఒకే తీరున కరెంటు ఇచ్చే, పొగ లేని ఆధారం అది. అయితే భూమి తీసుకునే ముందే మూడు విషయాలు ఒప్పందంలో తేలాలి. యూనిట్ గరిష్ఠ ధర ఎంత? గడువు దాటితే పెరిగే వడ్డీ ఎవరి ఖాతాలో పడుతుంది? ప్రమాదం జరిగితే పరిహారం ఎవరు, ఎంత ఇస్తారు? ఇవి తేలకుండా రైతు చేత సంతకం పెట్టించడం, సరుకు రేటు చెప్పకుండా బయానా పుచ్చుకోవడం వంటిదే.

బొగ్గు వర్తకులు మాత్రం ఇప్పట్లో కంగారు పడనక్కరలేదు. దేశంలో తయారయ్యే కరెంటులో అణు వాటా సుమారు 3 శాతమే. 2025లో సామర్థ్యం 9 వేల మెగావాట్ల లోపే వున్నది. లక్ష మెగావాట్ల లక్ష్యం చాలా దూరం. యురేనియం మన బజార్లలో బేరమాడే సరుకు కాదు, అందులో కమీషనూ లేదు. కావున దాని అంతర్జాతీయ ధర పెరిగిందా, తగ్గిందా అని చూడడం కంటే, బ్యాంకు వడ్డీ రేట్లు, నిర్మాణ గడువులు ఎటు నడుస్తున్నవో గమనించడం మేలు. అణు కరెంటు ధర అక్కడే నిర్ణయమవుతుంది.